అష్టముఖులు రావడం మానేసినప్పుడు: కుప్రస్ ఆక్సైడ్ స్ఫటికాల ఆకారం మీద ఒక కేస్ స్టడీ

ఈ కేసు గురించి రాయొచ్చా అని, ఇందులో ఇరుక్కున్న రిసెర్చ్ స్కాలర్‌ను అడిగి, సరేనన్నాకే మొదలుపెట్టాను. పేరు, యూనివర్సిటీ, ఊరు, గైడ్, ప్రాజెక్టు ఏవీ ఇందులో ఉండవు. మోతాదులు, టైములు, రంగులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను, ఈ పని చేసేవాళ్లకు పనికొచ్చేవి అవే కాబట్టి. నేను ఆ ల్యాబ్ మనిషిని కాదు. సూక్ష్మ కణాల సింథసిస్‌లో చాలా ఏళ్లుగా ఉన్నాను, ఎవరైనా ఎక్కడైనా ఇరుక్కుంటే ఫోన్ చేస్తుంటారు, ఇదీ అలా వచ్చిందే.

అసలు చేస్తున్నదేమిటి

కుప్రస్ ఆక్సైడ్ అనే పేరు కొత్తగా అనిపించొచ్చు గానీ ఇంటర్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లు దాన్ని చూసే ఉంటారు. ఫెహ్లింగ్ పరీక్షలో గ్లూకోజు వేసి వేడిచేస్తే టెస్ట్ ట్యూబ్ అడుగున ఇటుక రంగు అవక్షేపం దిగుతుంది కదా, అదే. షుగర్ మీటర్లు రాకముందు మూత్రంలో చక్కెర చూడ్డానికి వాడిన బెనెడిక్ట్ ద్రావణం ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు అని రంగులు మారేది కూడా దీనివల్లే. ఇదొక పి-టైప్ అర్ధవాహకం, బ్యాండ్ గ్యాప్ సుమారు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే కంటికి కనిపించే వెలుతురులో కొంత భాగాన్ని పీల్చుకోగలదు. సిలికాన్ రాకముందే, 1920ల్లో, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్లను రాగి రేకు మీద ఈ ఆక్సైడ్ పొర వేసి చేశారు. ఇప్పుడు దీనిమీద ఆసక్తి ఎక్కువగా వెలుతురుతో రంగునీళ్లను శుద్ధి చేయడం, సెన్సార్లు, ఉత్ప్రేరకాలు, అటువైపు ఉంది.

దీని స్ఫటిక నిర్మాణం ఘనాకృతిలోదే. కానీ పైకి కనిపించే ఆకారం మన చేతిలో ఉంటుంది. ఆరు చదరపు ముఖాలతో ఘనంగా పెంచవచ్చు, ఎనిమిది త్రికోణాలతో అష్టముఖిగా పెంచవచ్చు, మధ్యలో ఎన్నో రకాలు. ఘనం ముఖాలను 100 ముఖాలు అంటాం, అష్టముఖివి 111 ముఖాలు (ఇవి ముఖాల సంఖ్య కాదు, ముఖం ఏ దిశకు తిరిగి ఉందో చెప్పే గుర్తులు). లోపలి పదార్థం ఒకటే అయినా పైన తేలే పరమాణువుల అమరిక వేరు. 111 ముఖం మీద బంధం తీరని రాగి పరమాణువులు కొన్ని బయటికి చూస్తూ ఉంటాయి. అందుకే మిథైల్ ఆరెంజ్ లాంటి రుణావేశపు రంగును వెలుతురులో విరగ్గొట్టే పనిలో అష్టముఖులు బాగా పనిచేస్తాయి, ఘనాలు దాదాపు ఏమీ చేయవు. ఈ తేడాను తన చేత్తో కొలిచి చూపడమే ఈ స్కాలర్ పని. కాబట్టి ఆకారం ఆమెకు అందం కోసం కాదు, థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం దానిమీదే నిలబడి ఉంది.

రెసిపీ ఇది. 100 మి.లీ. నీటిలో 0.01 మోలార్ కాపర్ క్లోరైడ్, అంటే డైహైడ్రేట్ ఉప్పు 0.17 గ్రాములు. అందులో పాలీవినైల్ పైరోలిడోన్, ల్యాబ్ భాషలో పీవీపీ, 4.44 గ్రాములు కరిగించాలి. 55 డిగ్రీలకు తెచ్చి, 2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 10 మి.లీ. చుక్కచుక్కగా వేయాలి. అరగంట కలిపాక 0.6 మోలార్ ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, 10 మి.లీ. మళ్లీ చుక్కచుక్కగా. మూడు గంటలు అలాగే ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, నీళ్లతో, ఇథనాల్‌తో కడిగి ఆరబెట్టడం. పీవీపీ లేకుండా చేస్తే ఘనాలు, ఇంత పీవీపీతో చేస్తే అష్టముఖులు.

ఆ లెక్క ఒకసారి చూడండి. రాగి 1 మిల్లీమోల్. 4.44 గ్రాముల పీవీపీలో గొలుసు ముక్కలు లెక్కేస్తే 40 మిల్లీమోల్. ఒక్కో రాగి అయానుకు నలభై ముక్కలు! ఎందుకంత అంటే, పీవీపీ గట్టిగా అంటుకునే రకం కాదు, దాని కార్బొనిల్ ఆక్సిజన్ 111 ముఖం మీద ఉన్న ఆ రాగి పరమాణువులను మెల్లగా పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు అక్కడ కూర్చుని ఉండాలంటే చుట్టూ జనం చాలామంది ఉండాలి.

ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది, ఈ కేసు అంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి నెమ్మదిగా చెబుతాను. పీవీపీ 111 ముఖాన్ని ఆపుతుంది. మరి ఆపిన ముఖమే చివరికి ఎందుకు మిగులుతుంది? బెల్లం అచ్చు ఒకటి ఊహించుకోండి, దాని మూలను కత్తితో చెక్కితే అక్కడ చిన్న త్రికోణపు ముఖం వస్తుంది. ఇప్పుడా అచ్చు అన్ని వైపులా పెరుగుతోంది అనుకుందాం. ఆ త్రికోణం వేగంగా బయటికి జరిగితే మూల మళ్లీ మొనదేలి త్రికోణం మాయమైపోతుంది, ఘనం మిగులుతుంది. త్రికోణం వెనకబడి, చదరపు ముఖాలు ముందుకు దూసుకుపోతే త్రికోణం వెడల్పవుతూ వెడల్పవుతూ చదరాలను మింగేస్తుంది. అంటే వేగంగా పెరిగే ముఖం మాయమవుతుంది, నిదానంగా పెరిగేది మిగులుతుంది. 100 దిశలో వేగాన్ని 111 దిశలో వేగంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.58 దగ్గర పూర్తి ఘనం, 0.87 దగ్గర ఘనానికీ అష్టముఖికీ సరిగ్గా నడుమ ఉండే పద్నాలుగు ముఖాల రూపం, 1.73కి చేరితే పూర్తి అష్టముఖి. మనం చేసేదల్లా ఈ నిష్పత్తిని అటూ ఇటూ జరపడమే.

వచ్చిన సమస్య

జనవరి, ఫిబ్రవరిలో ఆమె చేసిన మూడు బ్యాచులూ చక్కగా వచ్చాయి. నాకు పంపిన సెమ్ (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) ఫొటోల్లో ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు సైజు అష్టముఖులు, అంచులు కత్తిలా ఉన్నాయి. ఏప్రిల్‌లో మళ్లీ చేస్తే వేరే ఏవో వచ్చాయి. ఆమె మొదటి మెసేజ్‌లో "సార్, ఈసారి షడ్భుజాకారపు పలకలు వస్తున్నాయి" అని రాసింది.

ఫొటో తెప్పించుకుని పెద్దది చేసి చూశాను. అవి పలకలు కావు. అష్టముఖి త్రికోణపు ముఖం మీద బోర్లా పడుకుంటే పైనుంచి దాని ఆకారం షడ్భుజిలాగే కనిపిస్తుంది, కానీ నడుమ ఒక త్రికోణం స్పష్టంగా ఉంటుంది, దాని మూడు మూలలూ షడ్భుజి మూలల్లో మూడింటిని తాకుతాయి. ఇక్కడ ఆ త్రికోణం మూలలు అంచుదాకా రావడం లేదు, తెగిపోయి ఉన్నాయి, తెగినచోట చిన్న చదరాలు ఉన్నాయి. అంటే మొనలు తెగిన అష్టముఖులు, కొన్ని ఆ పద్నాలుగు ముఖాల రూపం దాకా వెళ్లిపోయాయి. ముఖాలు కూడా నున్నగా లేవు, గరుకుగా, గుంటలు గుంటలుగా ఉన్నాయి. సైజులు అర మైక్రాన్ నుంచి రెండు మైక్రాన్ల దాకా కలగాపులగం. ఒకట్రెండు అందమైన కణాలను ఎంచుకుని ఫొటో తీయడం కాకుండా నాలుగైదు చోట్ల తీసి రెండు వందల కణాలు లెక్కపెట్టమన్నాను. పూర్తి అష్టముఖులు మూడో వంతు కూడా లేవు.

రెండు సంగతులు నాకు అప్పుడే ముఖ్యమనిపించాయి. ఒకటి, నిష్పత్తి 1.73 నుంచి కిందికి జారింది, కానీ ఘనం దాకా జారలేదు. రెండోది, సైజులు చెదిరాయి. మొదటిది ఒక్కటే అయితే పీవీపీ బలహీనపడిందని సరిపెట్టుకోవచ్చు. రెండోదానికి పీవీపీతో నేరుగా సంబంధం ఉండాల్సిన పనిలేదు, అది బీజాలు, అంటే స్ఫటికాలు మొదలయ్యే చిన్న మొలకలు, ఎప్పుడు పుట్టాయన్న ప్రశ్న. బీజాలన్నీ ఒకేసారి పుట్టి తర్వాత పెరగడమే జరిగితే సైజులు సమానంగా ఉంటాయి. పెరుగుతున్న కణాల మధ్యలో కొత్తవి పుడుతూ ఉంటే పెద్దవీ చిన్నవీ కలిసిపోతాయి. కానీ ఆ రోజు ఈ రెండో సంగతికి నేను ఇవ్వాల్సినంత బరువు ఇవ్వలేదు. కారణం, ఆమె ఫోన్‌లో చెప్పిన మొదటి మాటే పీవీపీ గురించి.

"ఏప్రిల్లో ఏం మారిందమ్మా?"

"పీవీపీ బాటిల్ సార్. పాతది అయిపోయింది, కొత్తది వచ్చింది. దానితోనే తేడా వచ్చింది."

"ఇంకేమైనా?"

"ఇంకేం లేదు సార్, అన్నీ అవే."

ఏం ప్రయత్నించాం, ఏవి ఫలించలేదు

అనుమానం పీవీపీ మీదే పడింది, అది సహజం. లేబుల్ ఫొటో తెప్పించాను. రెండూ కే-30 రకమే, అంటే అణుభారం 40,000 ప్రాంతంలోది. పొరపాటున కే-90 వచ్చి ఉంటే గొలుసులు తొమ్మిది రెట్లు పొడుగు, ద్రావణం చిక్కబడి కథే వేరుగా ఉండేది. అది కాదు. తర్వాత తేమ. పీవీపీ గాలిలోని తేమను బాగా పీలుస్తుంది, మూత సరిగా పెట్టకపోతే గడ్డలు కడుతుంది, అప్పుడు 4.44 గ్రాములు తూచితే అందులో కొంత నీళ్లే. ఒక గ్రాము ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచమన్నాను, దాదాపు పదో వంతు తగ్గింది. అమ్మయ్య దొరికింది అనుకున్నాం ఇద్దరం. ఆ తేడా సరిదిద్ది ఒక బ్యాచ్ చేసింది. అదే గరుకు, అవే తెగిన మొనలు.

ఇక్కడ నేను ఇంకో ప్రయోగం అడిగాను, పీవీపీ రెట్టింపు చేసి చూడమని. నా లెక్క ఇదీ: నిజంగా పీవీపీ చాలకపోవడమే జబ్బు అయితే, మందు పెంచితే నిష్పత్తి అష్టముఖి వైపు జరగాలి, కనీసం కొంతైనా. రెట్టింపు చేస్తే ద్రావణం జిగటగా తయారై సెంట్రిఫ్యూజ్‌లో దిగడానికే గంటలు పట్టింది, కణాలు కొంచెం చిన్నవయ్యాయి, మొనలు మాత్రం తెగే ఉన్నాయి. మోతాదు పెంచినా జబ్బు కదలకపోతే ఆ మందుకు ఈ జబ్బుతో సంబంధం లేదని అర్థం చేసుకోవాలి.

ఆస్కార్బిక్ ఆమ్లం అప్పటికప్పుడు కలిపి చూసింది, ఫలితం లేదు. దానిమీద నాకు పెద్దగా అనుమానం లేదు కూడా, 1 మిల్లీమోల్ రాగికి అర మిల్లీమోల్ చాలు, మనం వేస్తున్నది 6. గాజు సామాన్లు విలీన నైట్రిక్ ఆమ్లంతో కడిగింది, కలిపే బార్ మార్చింది, నీళ్లు వేరే ల్యాబ్ నుంచి తెచ్చింది. వీటి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మూడు వారాలు గడిచాయి, మే వచ్చేసింది. ఆ అమ్మాయి గొంతులో టెన్షన్ తెలుస్తోంది, సెప్టెంబర్‌లో రివ్యూ ఉంది, ఘనాలకూ అష్టముఖులకూ పోలిక చూపాలంటే చేతిలో అష్టముఖులు ఉండాలి కదా.

మలుపు

నేను ముందే అడగాల్సింది అప్పుడు అడిగాను. "పీవీపీ అసలు లేకుండా ఈ నెలలో ఒక్కసారైనా చేశావా?"

చేయలేదు. ఘనాలు జనవరిలోవే మిగిలి ఉన్నాయి, మళ్లీ చేసే అవసరం రాలేదు. చేయమన్నాను. దీని వెనక ఆలోచన సూటిగానే ఉంది. పీవీపీ బాటిల్లోనే దోషం ఉంటే, పీవీపీ లేని బ్యాచ్ జనవరిలో వచ్చినట్టే నికార్సైన ఘనాలుగా రావాలి. దోషం ఇంకెక్కడైనా ఉంటే ఘనాలు కూడా చెడాలి.

చెడ్డాయి. ఘనాలే వచ్చాయి, కానీ మూలలు గుండ్రంగా అరిగినట్టున్నాయి, ముఖాలు గరుకు, సైజులు పెద్దాచిన్నా. జనవరి ఘనాల ఫొటో పక్కన పెడితే ఇవి వేరే ల్యాబ్‌లో చేసినవేమో అనిపిస్తుంది. మూడు వారాలు పీవీపీ చుట్టూ తిరిగాం, దాన్ని తీసేసిన ఒక్క ప్రయోగం ఆ దారి మూసేసింది. బాటిల్ మారడం కేవలం కాకతాళీయం.

అయితే తేడా ఎక్కడ? పీవీపీ పని మొదలుకాకముందు జరిగేదీ, పీవీపీ ఉన్నా లేకున్నా జరిగేదీ ఏదో మారి ఉండాలి. జనవరి రోజు ఎలా జరిగిందో మొదట్నుంచి చెప్పమన్నాను, నోట్‌బుక్ చూడకుండా, గుర్తున్నట్టు. చెబుతూ చెబుతూ "ఆ రోజు రంగులు భలే మారాయని వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టాను సార్" అంది. ఆ వీడియో ఫోన్‌లో ఇంకా ఉంది.

ఆ వీడియో నేను కనీసం పదిసార్లు చూసి ఉంటాను. లేత నీలం ద్రావణం, సోడియం హైడ్రాక్సైడ్ పడగానే చిక్కటి నీలం మబ్బులా కాపర్ హైడ్రాక్సైడ్. తర్వాత నీలిఆకుపచ్చ. తర్వాతి ముక్కలో, ఆస్కార్బిక్ ఆమ్లం డ్రాపర్ బీకరు మీదికి వస్తున్నప్పుడు, బీకరులోది ముదురు గోధుమరంగు, చిక్కటి కాఫీ డికాక్షన్ లాంటి రంగు. ఎక్కడా ఆకుపచ్చ జాడ లేదు.

"ఇప్పుడు అరగంటకు ఏ రంగు ఉంటుందమ్మా?"

కొంచెంసేపు మాట్లాడలేదు. "ఆకుపచ్చగానే ఉంటుంది సార్. కొంచెం గోధుమరంగు తిరుగుతుంది. అరగంట అయిందని ఆస్కార్బిక్ వేసేస్తాను."

అదీ సంగతి. వేడిలో, క్షారంలో కాపర్ హైడ్రాక్సైడ్ నీళ్లు కోల్పోయి కుప్రిక్ ఆక్సైడ్‌గా (మనకు చివరికి కావాల్సిన కుప్రస్ ఆక్సైడ్ వేరు, ఇది వేరు) మారుతుంది, నీలం నుంచి గోధుమనలుపుకు. ఎంత వేడికి ఎంత వేగం అన్నది దాని లెక్క. ఒకే అరగంటలో అప్పుడు పూర్తిగా మారి, ఇప్పుడు సగం కూడా మారలేదంటే బీకరులో వేడి తగ్గిందని. నోట్‌బుక్‌లో మాత్రం అప్పుడూ 55 డిగ్రీలే, ఇప్పుడూ 55 డిగ్రీలే.

మామూలు గాజు థర్మామీటర్ ఒకటి ద్రావణంలో ముంచి చూడమన్నాను. 46 చూపించింది.

జరిగిందేమిటంటే, జనవరిలో ఆ హాట్ ప్లేట్‌కు ద్రావణంలో ముంచే ప్రోబ్ ఉండేది, దాని కొస ద్రావణంలో ఉండేది కాబట్టి 55 అంటే ద్రావణం 55. మార్చిలో ప్రోబ్ వైరు తెగింది. అప్పట్నుంచి డిస్‌ప్లే మీద 55 పెడుతున్నారు, అది పై పళ్లెం వేడి. బీకరు అడుగు 55, పైన మూత లేదు, ఎండలు ముదిరాయని ఏసీ వేశారు, ఆ గాలి నేరుగా ఆ బెంచీ మీదికే. "ఇంకేం మారలేదు సార్" అని ఆమె అన్నది అబద్ధం కాదు, ఆమె రాసుకున్న పుస్తకంలో నిజంగానే ఏమీ మారలేదు.

కారణాన్ని విడదీయడం

ఇక్కడితో ఆపేసి "వేడి సరిచేస్తే చాలు" అనుకోవచ్చు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే 46 డిగ్రీలు చెడగొట్టింది ఏ మెట్టులో అన్నది తెలియాలి. కుప్రిక్ ఆక్సైడ్‌గా మారడం తగ్గినందువల్లా, లేక తర్వాత ఆస్కార్బిక్ ఆమ్లం చేసే క్షయకరణం (రాగిని కుప్రస్ రూపానికి దించడం), స్ఫటికం పెరగడం కూడా చల్లగా జరిగినందువల్లా? రెండింటికీ మందు వేరు.

అందుకని మూడు బ్యాచులు చేయించాను. ఒకటి 55లో, అరగంట, అంతా సరైనట్టు. ఇంకోటి 46లోనే, కానీ గడియారం చూడకుండా రంగు పూర్తిగా డికాక్షన్ రంగులోకి వచ్చేదాకా ఆగి, అది గంటంపావు పట్టింది, అప్పుడు ఆస్కార్బిక్. మూడోది 55లో, కానీ నీలిఆకుపచ్చ ఉండగానే, ఐదో నిమిషంలో ఆస్కార్బిక్ వేసేయడం. మధ్య దశలో ప్రతిదాంట్లో కొంచెం తీసి, వెంటనే చల్లార్చి, సెంట్రిఫ్యూజ్ చేసి ఎక్స్‌ఆర్‌డీ, అంటే ఎక్స్ కిరణాలతో ఏ స్ఫటిక పదార్థం ఉందో చెప్పే పరీక్ష, చూడమన్నాను. కాపర్ హైడ్రాక్సైడ్ శిఖరాలు 16.7, 23.8 డిగ్రీల దగ్గర వస్తాయి, కుప్రిక్ ఆక్సైడ్‌వి 35.5, 38.7 దగ్గర, కాబట్టి కంటికి కనిపించిన రంగును ఒక అంకెతో సరిచూసుకోవచ్చు.

మొదటిది జనవరిలా వచ్చింది. ఆమె ఫొటో పంపినప్పుడు నేను బస్సులో ఉన్నాను, ఆ చిన్న తెర మీదే త్రికోణాల మొనలు అంచులకు తాకుతున్నాయని కనిపించింది. చాలా సంతోషమేసింది. కానీ నాకు నేర్పింది మిగతా రెండు. 46లో ఆగి చేసినదాంట్లో చాలా మటుకు మంచి అష్టముఖులే, కొన్నింటికి మాత్రమే మొనల దగ్గర చిన్న చదరాలు. 55లో తొందరపడి చేసింది ఏప్రిల్ బ్యాచ్ లాగే చెడింది, వేడి సరిగా ఉన్నా కూడా. అంటే అసలు గట్టి కారణం వేడి కాదు, ఆస్కార్బిక్ ఆమ్లం పడే క్షణానికి బీకరులో ఉన్నది హైడ్రాక్సైడా, ఆక్సైడా అన్నది. వేడి దాన్ని నడిపే చెయ్యి మాత్రమే.

ఎందుకలా అంటే నేను అర్థం చేసుకున్న తీరు ఇది. కాపర్ హైడ్రాక్సైడ్ తేలిగ్గా కరిగి రాగి అయాన్లను వదులుతుంది, ఆస్కార్బిక్ పడగానే అవన్నీ ఒక్కసారి క్షయకరణం చెంది ద్రావణం కుప్రస్ ఆక్సైడ్‌తో అతిసంతృప్తమైపోతుంది, అంటే పట్టగలిగినదానికంటే ఎక్కువ అందులో చేరిపోతుంది. కుప్రిక్ ఆక్సైడ్ మొండిది, నిదానంగా కరుగుతుంది, రాగిని కొంచెం కొంచెంగా అందిస్తుంది. సరఫరా నిదానంగా ఉంటే వచ్చిన పరమాణువు ముఖం మీద సరైన చోటు వెతుక్కుని కూర్చుంటుంది, పీవీపీకీ వచ్చి పట్టుకునే తీరిక ఉంటుంది, 111కీ 100కీ మధ్య వేగంలో తేడా నిలబడుతుంది. సరఫరా ఉప్పెనలా వస్తే ఏ ముఖమైనా వచ్చినదాన్ని వచ్చినట్టే తీసుకుంటుంది, తేడా చెరిగిపోయి నిష్పత్తి 1 వైపు దిగుతుంది, మొనలు తెగుతాయి, ముఖాలు గరుకవుతాయి. పైగా పెరుగుతుండగానే కొత్త బీజాలు పుడతాయి, సైజులు చెదురుతాయి. మొదటి రోజు నేను పక్కన పెట్టిన రెండో సంగతి ఇదే. సగం హైడ్రాక్సైడ్, సగం ఆక్సైడ్ ఉన్నప్పుడు రెండు రకాల సరఫరా ఒకే బీకరులో నడుస్తుంది, ఇది అన్నిటికంటే చెడ్డది. పీవీపీ రెట్టింపు చేసినా ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలుస్తుంది, తలుపు దగ్గర కాపలా పెంచాం గానీ లోపలికి తోసుకొస్తున్న జనాన్ని తగ్గించలేదు.

తర్వాత చుక్కల సంగతి కూడా సరిచేశాం. "చుక్కచుక్కగా" అన్న మాట ఒక్కో చేతిలో ఒక్కోలా ఉంటుంది, ఆమె చేత్తో రెండు నిమిషాలు, పక్క స్కాలర్ చేత్తో పన్నెండు నిమిషాలు. సిరంజి పంపు అడిగి తెచ్చుకుని నిమిషానికి 1 మి.లీ. పెట్టాం. దీనివల్ల ఆకారంలో పెద్ద తేడా రాలేదు, సైజులు మాత్రం ఇంకాస్త దగ్గరపడ్డాయి. హాట్ ప్లేట్ తీసేసి నీళ్ల తొట్టిలో బీకరు పెట్టి, థర్మామీటర్ ద్రావణంలోనే ఉంచి చేస్తోంది ఇప్పుడు. వరసగా ఐదు బ్యాచుల్లో, రెండు వందల కణాలు లెక్కపెట్టినప్పుడు, పదింట తొమ్మిది దాకా పూర్తి అష్టముఖులే. పౌడర్ ఎక్స్‌ఆర్‌డీలో కూడా 36.4 డిగ్రీల దగ్గరి 111 శిఖరం, 42.3 దగ్గరి 200 శిఖరం (ఇది 100 ముఖం దిశదే) నిష్పత్తి చూస్తోంది. అడ్డదిడ్డంగా పడి ఉన్న మామూలు పొడికి అది 2.7 దాకా ఉంటుంది, అష్టముఖులు ముఖం మీద పడుకుంటాయి కాబట్టి వాటికి అంతకంటే బాగా పెరుగుతుంది. సెమ్‌కు వారం ఆగాల్సి వచ్చినప్పుడు ఇది మంచి ముందస్తు కబురు.

కడగడం దగ్గర ఇంకో చిక్కు

ఆకారం వచ్చింది, మిథైల్ ఆరెంజ్ పరీక్ష పెడితే అష్టముఖులు ఘనాల కంటే ఏమంత మెరుగ్గా లేవు. మళ్లీ ఫోన్. ఈసారి నాకు తొందరగానే తట్టింది, ఆకారం ఇచ్చిన పీవీపీనే ముఖాల మీద దుప్పటిలా కప్పుకుని ఉంటే రంగు అణువు అక్కడికి ఎలా చేరుతుంది? ఒకసారి నీళ్లు, ఒకసారి ఇథనాల్‌తో కడిగి వదిలేస్తోంది. సగం నీళ్లు సగం ఇథనాల్ గోరువెచ్చగా చేసి ఐదారుసార్లు కడగమన్నాను. కడిగేకొద్దీ పనితనం పెరిగింది. కానీ హద్దు ఉంది. తడిగా ఉన్నప్పుడు గాలి తగులుతూ ఎక్కువసేపు ఉంచితే, మామూలు ఓవెన్‌లో ఆరబెడితే, ఇటుకరంగు పొడి మీద నల్లటి ఛాయ వస్తుంది, పైపొర కుప్రిక్ ఆక్సైడ్ అవుతోందన్నమాట. అందుకే వాక్యూమ్‌లో ఆరబెట్టడం, ఆ వారంలోనే వాడేయడం.

మరో సంగతి కూడా అప్పుడే బయటపడింది. వెలుతురు వేయకముందు చీకట్లో అరగంట కలిపి ఉంచకపోతే, కణాలు ఊరికే పీల్చుకున్న రంగును కూడా మనం వెలుతురు ఖాతాలో రాసేస్తాం. రంగు ఎంత మిగిలిందో చెప్పే 464 నానోమీటర్ల దగ్గరి రీడింగ్ చీకట్లో ఎంత పడింది, వెలుతురులో ఎంత పడింది, విడివిడిగా రాయాలి. ఆమె మొదటి గ్రాఫుల్లో ఇది లేదు. తిరగ చేసింది, ఘనాలకూ అష్టముఖులకూ తేడా అప్పుడు స్పష్టంగా కనిపించింది.

ఈ కేసు నాకు మిగిల్చింది

రెసిపీలో అరగంట అని ఉంటే ఆ అరగంట దేనికోసం అని అడగాలి. ఇక్కడ అది హైడ్రాక్సైడ్ ఆక్సైడ్ అయ్యేదాకా ఆగడం కోసం. అది తెలిస్తే గడియారం బదులు రంగు చూస్తాం, ఏ ఊళ్లో ఏ కాలంలో చేసినా తప్పు జరగదు. ఇప్పుడు నా దగ్గరికి ఎవరు ఏ రెసిపీ తెచ్చినా ప్రతి టైముకూ, ప్రతి వేడికీ ఎదురుగా "అప్పటికి బీకరులో ఏం జరిగి ఉండాలి, కంటికి ఏం కనిపించాలి" అని రాయిస్తున్నాను. రాయలేకపోతే ఆ మెట్టు మనకింకా అర్థం కాలేదనే. ఫోన్‌తో మొదట్నుంచి చివరిదాకా వీడియో తీసి పెట్టుకోవడానికి ఖర్చేమీ లేదు, ఈ కేసులో స్టేటస్ కోసం తీసిన వీడియో లేకపోతే మేం ఇంకెన్ని వారాలు తిరిగేవాళ్లమో.

నా వైపు లోపం కూడా ఉంది. పీవీపీ లేని కంట్రోల్ మొదటి వారంలోనే అడగాలి. బాటిల్ మారిందన్న మాట వినగానే కథ దొరికిందనిపించి దాని వెంట పోయాను. అనుమానితుడు ఒక్కడే ఉన్నప్పుడు, అతను లేనిచోట కూడా దొంగతనం జరుగుతోందా అని చూడటమే మొదటి పని. మూడు వారాలు ఒక స్కాలర్ జీవితంలో తక్కువేం కాదు.

ఆమె నోట్‌బుక్‌లో ఇప్పుడు వేడికి రెండు గడులు ఉన్నాయి, ఒకటి ప్లేట్, ఒకటి ద్రావణం. కొత్త ప్రోబ్ వచ్చినా గాజు థర్మామీటర్ తీయడం లేదు. ఒక బ్యాచ్‌కు ఎంత చేసినా 71 మిల్లీగ్రాముల లోపే వస్తుంది కాబట్టి, వరసగా పరీక్షలు చేయడానికి చాలడం లేదని పది రెట్లు, ఒక లీటరులో చేయాలని మొదలుపెట్టింది. మొదటిసారి అంచుల దగ్గర గోధుమరంగు, నడుమ ఇంకా ఆకుపచ్చ కనిపించిందట. ఆస్కార్బిక్ వేయకుండా ఆపేసి, కలిపే బార్ తీసి పైనుంచి తిప్పే రెక్కల స్టిర్రర్ కోసం పక్క ల్యాబ్‌కు వెళ్లానని నిన్న ఫోన్ చేసి చెప్పింది.